పెట్టె మనదైతే పియానో పరాయిది ఎట్ల అయితది?



పోయిన దీపావళికి చామోర్షి ఇంట్లో అందరం కూడినప్పుడు ఒక చిన్న తగవు అయింది. పాత ఇల్లు విప్పి కొత్తది కట్టాలని అటక మీది సామాను దించుతుంటే బాపు హార్మోనియం బయటపడ్డది. తిత్తి చినిగింది, నాలుగు మెట్లు లోపలికి దిగబడ్డయి, ఎలుకలు మూల కొరికినయి. "ఎవరు వాయిస్తరు దీన్ని? ఎవరికన్న ఇచ్చేద్దాం" అన్నడు తమ్ముడు. షోలాపూర్ నుంచి వచ్చిన మా బావకు కోపం వచ్చింది. "ఇది మన సంస్కృతి. మామ చేతి పెట్టె. ఎట్ల ఇస్తవు?" అన్నడు. అందరం సరే అన్నం.

పది నిమిషాలు కాలేదు, బావ మనవరాలు వచ్చి తను పియానో నేర్చుకుంటానని, ముందుగా ఒక కీబోర్డు కొనియ్యమని అడిగింది. బావ ఏమన్నడో తెలుసా? "గది మన సంగీతం కాదు బిడ్డా, మనకెందుకు?"

రెండు మాటలూ ఒకే నోట్ల నుంచి వచ్చినయి. నవ్వాల్సిన సంగతే గాని నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ రెండో మాట ఒకప్పుడు నేను కూడా అన్నవాణ్ణే. ఎవరితో అన్నానో, తర్వాత ఏమైందో చెప్పడానికే ఈసారి రాస్తున్న. చంద్రపూర్‌ల, నాగపూర్‌ల, భివండీల, సూరత్‌ల, ఇంకా దూరాన ఉన్న మన ఇండ్లల్ల ఈ మాట రోజూ ఎక్కడో ఒకచోట వినిపిస్తనే ఉంటది.

మా తమ్ముని బిడ్డ తొమ్మిదేండ్లప్పుడు నాగపూర్‌ల ఒక స్కూలు ఫంక్షన్‌కు పోయి అక్కడ పియానో చూసింది. ఇంటికొచ్చినప్పటి నుంచి అదే ముచ్చట. బల్ల అంచు మీద వేళ్ళు ఆడిస్తుండేది. ఇంట్లో నేను పెద్దవాణ్ణి, పైగా బడిపంతులును. నా మాట నడిచేది. "మన ఇంట్ల పెట్టె ఉన్నది, నేర్చుకుంటే అది నేర్చుకో. తెల్లోళ్ళ వాయిద్యం మనకెందుకు?" అన్న. పదిహేను రోజులు అడిగింది. తర్వాత అడుగుడు మానేసింది. పెట్టె కూడా నేర్చుకోలేదు. నేను గెలిచిన అనుకున్న.

2018ల ఆ పిల్ల హైదరాబాద్‌ల ఉద్యోగం చేస్తుండె. ఫ్రెంచి సంగీతకారుడు క్లోద్ డెబుస్సీ చనిపోయి ఆ ఏడాదికి సరిగ్గా నూరేండ్లు. ఆయన పుట్టింది 1862ల, పోయింది 1918 మార్చి 25న. ఆ సందర్భంగా ఒక చిన్న హాల్లో ఫ్రెంచి పియానో కచేరీ ఉందని, నాయనమ్మను తీసుకొని రమ్మని ఫోన్ చేసింది. మేం హైదరాబాద్‌ల ఒక పెండ్లికి ఎట్లాగూ పోవాలె. చామోర్షి నుంచి చంద్రపూర్ మీదుగా బల్లార్షా, అక్కడి నుంచి రైలు. మా అమ్మకు అప్పటికి 78 ఏండ్లు. తెలుగు మాట్లాడుతది, మరాఠీ అర్థమైతది, ఇంగ్లీషు రాదు. "ఏం అర్థమైతదని నన్ను తీస్కపోతున్నరు?" అని రైలంత అడిగింది. నా దగ్గర కూడా జవాబు లేదు.

ఆ సాయంత్రం నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్త. మైకు లేదు. ఇది నాకు మొదటి ఆశ్చర్యం. మన దగ్గర పదిమంది కూడితే మైకు, మైకుంటే కీచుమనే శబ్దం తప్పదు. ఇక్కడ ఒక నల్లటి పెద్ద పియానో, ఒక మనిషి, 88 మెట్లు, అంతే. మూత తెరిచి ఉంటే లోపల తీగలు కనిపిస్తున్నయి. అప్పటిదాకా పియానో అంటే పెద్ద హార్మోనియం అనుకునేవాణ్ణి. కాదు. హార్మోనియంల గాలి ఊదితే రీడు పలుకుతది. పియానోల మెట్టు నొక్కితే ఒక చిన్న సుత్తి పోయి తీగను కొడ్తది. కుడికాలి పెడల్ తొక్కితే తీగల మీది అదుపులన్ని లేచిపోతయి, కొట్టిన స్వరం ఆగకుండ మోగుతది, కొట్టని తీగలు కూడ దానితో కలిసి సన్నగ కదులుతయి. తంబురా పక్కన కూసుంటే చెవిల నిండే ఆ జుమ్మనుడు ఉంటది చూడు, దాని చుట్టం ఇది.

వాయించే ఆయన మొదలే ఒక మాట చెప్పిండు, మా పిల్ల మెల్లగ తెలుగుల చెప్పింది. డెబుస్సీ 'ప్రెల్యూడ్లు' అని 24 చిన్న రచనలు చేసిండు, పన్నెండు 1910ల, పన్నెండు 1913ల అచ్చయినయి. వాటి పేర్లు అందరి లెక్క పైన రాయలేదు. ప్రతి రచన అయిపోయిన తర్వాత, పేజీ అడుగున రాసిండు. ముందు విను, తర్వాత పేరు చూడు అన్నట్టు. అందుకే "నేను కూడ పేర్లు తర్వాతనే చెప్త" అన్నడు.

మొదట ప్రెల్యూడ్లు కావు, 1903ల వచ్చిన 'పగోద్' అనే రచన వాయించిండు. రెండు నిమిషాలల్ల నా చెయ్యి తొడ మీద తాళం వెతుకుడు మొదలుపెట్టింది. వింటుంటే మన మోహన రాగం దగ్గరిదే, మరాఠీ వాళ్ళు భూప్ అంటరు గద, ఆ అయిదు స్వరాల నడక. ఇది ఫ్రాన్సుకు ఎట్ల పోయింది? తర్వాత తెలుసుకున్న. 1889ల పారిస్‌ల పెద్ద ప్రదర్శన జరిగింది, ఈఫిల్ టవర్ కట్టింది దానికోసమే. అక్కడికి జావా నుంచి వచ్చిన గామెలాన్ వాయిద్యగాళ్ళు వాయించిండ్రు. కంచు పళ్ళేలు, గంటలు, అయిదు స్వరాల వరసలు. ఇరవై ఏడేండ్ల డెబుస్సీ అది విన్నడు, ఆ చప్పుడు ఆయన చెవిని విడిచిపెట్టలేదు. అంటే మనం 'తెల్లోళ్ళ సంగీతం' అని పక్కకు పెట్టిన దానిలో తూర్పు దిక్కు గాలి అప్పటికే ఉన్నది.

తర్వాత ఇంకొకటి వాయించిండు, అది మాత్రం నాకు నచ్చలేదు. ఏదో జారిపోతున్నట్టు, నిలబడ జాగ లేనట్టు. పేరు 'వ్వాల్' అట. దాంట్ల ఎక్కువ భాగం ఆరు స్వరాలు సమాన దూరంల ఉంటయని, ఆ వరసల పంచమం ఉండదని తర్వాత చదివిన. సా, పా పట్టుకొని పెరిగిన చెవికి నేల దొరకక పోవుడు సహజమే. రావెల్ రచన నీళ్ళ ఆట మీద ఒకటి వాయిస్తుంటే నాకు కునుకు కూడ పట్టింది, దాచుడు ఎందుకు. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చూసిండు. రచన మధ్యల ఆగితే మేం చప్పట్లు కొట్టినం, ముందు వరస వాళ్ళు వెనక్కు తిరిగి చూసిండ్రు.

ఆ తర్వాతది మాత్రం మరిచిపోను. చాలా నెమ్మదిగ, మంచుల నుంచి వచ్చినట్టు మొదలైంది. మెల్లగ పెద్దదైంది. హాలు గోడలు కదిలినట్టు మోగి, మళ్ళ దిగిపోయి, అడుగున ఏదో గొణుగుతున్నట్టు ఉండిపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకొని "గంటలురా" అన్నది. అయిపోయినంక ఆయన పేరు చెప్పిండు: మునిగిపోయిన చర్చి. ఫ్రాన్సుల బ్రిటనీ తీరంల 'ఈస్' అనే ఊరు సముద్రంల మునిగిందట. తెల్లారగట్ల నీళ్ళు తేటగ ఉన్నప్పుడు ఆ చర్చి పైకి తేలి, గంటలు మోగి, మళ్ళ మునుగుతదని అక్కడి కథ.

మా అమ్మ గొప్ప విద్వాంసురాలని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ రచనల గంటలు ఎవరికైనా వినిపిస్తయి. నేను చెప్పేది వేరే. అమ్మ పుట్టిల్లు సిరొంచ దిక్కు, ప్రాణహిత పోయి గోదావరిల కలిసే చోట. 1986 ఆగస్టు వరద ఆమె చూసింది. బయటికి వచ్చినంక మెట్ల మీద కూసొని, "మనకు మునిగిన ఊర్లు లేవా, మునిగిన గుళ్ళు లేవా. మన దగ్గర దానికి పాట కట్టినోడు లేడు, గంతే" అన్నది. 2022 జూలైల గోదావరి పొంగి సిరొంచ తాలూకా ఊర్లు, పొలాలు నీళ్ళల్ల ఉన్నప్పుడు టీవీ ముందు కూసొని ఆమె అడిగిన మాట, "ఆ గంటల పాట ఇంకోసారి పెట్టు." ఫోన్‌ల పెట్టిన. చిన్న స్పీకరుల గంటలు గంటల్లెక్క లేవు. అయినా విన్నది.

ఆ హాల్లో నాకు ఇంకొకటి కూడ తట్టింది. మన ఇంట్ల ఏ కార్యమైనా ఎవరో ఒకరు దుబాసీ పని చెయ్యాలె. తెలుగు పద్యం చదివితే మరాఠీ కోడలికి చెప్పాలె, మరాఠీ కీర్తన అయితే తెలంగాణ నుంచి వచ్చిన చుట్టాలకు చెప్పాలె, పిల్లలకు రెండూ ఇంగ్లీషుల చెప్పాలె. ఆ సాయంత్రం పేర్లు తప్ప ఎవరికి ఎవరూ ఏం చెప్పే పని పడలేదు. మాట లేని సంగీతం ముందు అమ్మ, తమ్ముడు, మరాఠీ మరదలు, ఇంగ్లీషు చదువు చదివిన పిల్ల, అందరం ఒక్కటే ఎత్తుల కూసున్నం. తెలుగు నేల బయట ముప్పై, నలభై ఏండ్లు బతికినవాళ్ళకు ఇది ఎంత హాయో వేరే చెప్పనక్కర లేదు.

చివరికి జనం చప్పట్లు ఆపకపోతే ఆయన మళ్ళ వచ్చి ఎరిక్ సాటీ 1888ల రాసిన 'జిమ్నోపెదీ' ఒకటి వాయించిండు. బాపు ఉంటే "వన్స్‌మోర్ అయ్యింది" అనేవాడు. మన పద్యనాటకాలల్ల వన్స్‌మోర్ కొడితే చచ్చి పడ్డ పాత్ర కూడ లేచి పద్యం మళ్ళ పాడుతది. మర్యాదలు వేరేగని ఆశ ఒక్కటే.

బయటికొచ్చి పిల్లను అడిగిన, "ఇప్పుడు నేర్చుకోరాదు?" అని. "నేర్చుకోవచ్చు పెద్దబాపు. కాని తొమ్మిదేండ్లప్పటి వేళ్ళు కావు గద ఇవి" అన్నది. కోపంతోని అనలేదు. కోపంతో అంటే బాగుండు.

ఇప్పుడు బావ మాట దగ్గరికి వస్త. పెట్టె మన సంస్కృతి, పియానో కాదు. సరే, పెట్టె ఎక్కడి నుంచి వచ్చింది? హార్మోనియంకు పేటెంటు తీసుకున్నది పారిస్‌ల, 1842ల, అలెగ్జాండర్ డెబేన్ అనే ఫ్రెంచి ఆయన. అది కాళ్ళతో తొక్కే పెద్ద వాయిద్యం, కుర్చీల కూసొని వాయించేది. దాన్ని నేల మీద కూసొని, ఒక చెయ్యి తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద పెట్టి వాయించేటట్టు మార్చింది కలకత్తాల ద్వారకానాథ్ ఘోష్, 1875 ప్రాంతంల. తర్వాత అది దేశమంత పాకింది. మరాఠీ వాళ్ళు పేటీ అన్నరు, మనం పెట్టె అన్నం. మరాఠీ సంగీత నాటకంల ఆర్గన్ అయి కూసున్నది. ధార్వాడ నుంచి వచ్చిన నాటక కంపెనీలు తెలుగు ఊర్లల్ల ఆడితే వాటిని చూసి మన రంగస్థలం ఊపందుకున్నది. సురభి వాళ్ళు 1885ల మొదలుపెట్టిండ్రు. పద్యనాటకం అంటే పక్కన హార్మోనియం ఉండాల్సిందే అయింది. మన దగ్గర చిరుతల రామాయణంల, భజనల అదే పెట్టె. వడ్సా దిక్కు ఝాడీపట్టి నాటకాలు వరికోతలైనంక తెల్లవార్లు ఆడుతరు చూడు, వాటిల్ల కూడ అదే. మన తాలూకాల బెంగాలీ కాందిశీకుల ఊర్లల్ల సాయంత్రం పూట వినిపించేది కూడ అదే.

ఇంకొక సంగతి. మన శాస్త్రీయ సంగీతం పెద్దలు హార్మోనియంను చాలా రోజులు ఒప్పుకోలేదు. గమకం పలకదు, స్వరానికీ స్వరానికీ మధ్య జారలేదు, శ్రుతులు పాశ్చాత్య లెక్కల కట్టినవి అన్నరు. రవీంద్రనాథ్ ఠాగూరుకు కూడ అది ఇష్టం లేదు. 1940ల రేడియోల దానిని నిషేధించిండ్రు, మూడు దశాబ్దాల దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. వాళ్ళు చెప్పిన లోపాలు అబద్ధం కాదు, నిజమే. అయినా ఊరి జనం విడిచిపెట్టలేదు. మా బాపు అసొంటి వేలమంది చిన్న రైతులు, చిల్లర దుకాణాల వాళ్ళు రాత్రుళ్ళు కూసొని కాటి సీను పద్యాలకు దానిమీద స్వరం వెతుక్కున్నరు. అందుకే అది మనదైంది. మనదిగ పుట్టలేదు, కూసొని కూసొని మనది చేసుకున్నం.

నా వాదం మొత్తం ఇంతే. ఒక సంగీతం మనదా కాదా అన్నది అది పుట్టిన ఊరును బట్టి తేలదు, దాని ముందు మనం ఎంతసేపు కూసున్నం అన్నదాన్ని బట్టి తేలుతది. చామోర్షిల ఉన్న తెలుగు ఇంటికి ఈ మాట ఇంకొకరు చెప్పాల్నా? మనం ఇక్కడ పుట్టినోళ్ళమా? తాతలు మంథని దిక్కు నుంచి గోదావరి దాటి వచ్చిండ్రు. మార్కండ శివరాత్రి జాతర ఈ రోజు మనది కాదని ఎవరన్న అంటే ఊకుంటమా?

ఆ దిక్కు వాళ్ళు కూడ మన దిక్కు చూసినోళ్ళే. డెబుస్సీ ఎన్నడూ ఇండియా రాలేదు. కాని 1911 ఢిల్లీ దర్బారు గురించి ఒక ఫ్రెంచి పత్రికల వచ్చిన రాతల నుంచి ఒక మాట తీసుకొని, రెండో ప్రెల్యూడ్ల పుస్తకంల ఒక రచనకు పేరు పెట్టిండు, వెన్నెల్ల దర్బారు జరిగే అరుగు అని. ఆల్బర్ట్ రూసెల్ 1909ల ఇండియా వచ్చి చిత్తోడ్ చూసి పోయి పద్మావతి మీద ఒపేరా రాసిండు, 1923ల పారిస్‌ల ఆడిండ్రు. నిజాం దగ్గర తాన్‌సేన్ బిరుదు పొందిన బరోడా ఇనాయత్ ఖాన్ పారిస్ పోయి డెబుస్సీని కలిసిండని ఆయన వాళ్ళు రాసి పెట్టిండ్రు. వాళ్ళు మనల్ని సరిగ్గ అర్థం చేసుకున్నరా అంటే అన్నిసార్లు కాదు. కాని "మనకెందుకు" అని మాత్రం అనలేదు.

దీనికి బావ ఇచ్చిన జవాబు గట్టిదే, దాటేసి పోను. "పిల్లలకు అ ఆ లు రావు. మనవలు తాత పేరు తెలుగుల రాయలేరు. ఇల్లు కాలుతుంటే నువ్వు ఫ్రాన్సు పాటలు వినమంటవా?" అన్నడు. నిజమే. ముప్పై ఏండ్లు మరాఠీ బడిల చెప్పిన నాకంటే ఈ బాధ ఎవరికి ఎక్కువ తెలుసు. పియానో వింటే తెలుగు రాదు. పద్యానికి మాట కావాలె, మాటకు అక్షరం కావాలె. దాని పని దానిదే, ఎవరూ తగ్గించొద్దు.

కాని బావా, ఒకటి ఆలోచించు. నేను ఆ పిల్లకు పియానో వద్దన్నందుకు ఆమె పెట్టె పట్టుకున్నదా? తెలుగు పద్యం నేర్చుకున్నదా? లేదు. ఒకటి మూస్తే ఇంకోటి దానంతట అది తెరుచుకోదు. పిల్లలకు మన మాట మీద ప్రేమ "వద్దు" అనే మాట నుంచి పుట్టదు. పైగా, ఒక గంట కదలకుండ కూసొని వినుడు అన్నది ఒక అలవాటు. ఆ అలవాటు ఉన్న పిల్లనే రేపు నాయనమ్మ పాట కూడ చివరిదాకా వింటది. ఆ అలవాటు లేనోళ్ళకు త్యాగరాజు కీర్తన కూడ అర నిమిషం వీడియోనే.

ఇంకో తప్పు కూడ ఒప్పుకోవాలె. పెట్టె మన సంస్కృతి అని అన్నం గని, బాపు పాడిన ఒక్క పద్యం మన దగ్గర రికార్డు లేదు. ఇంట్ల టేపు రికార్డరు ఉండె, ఖాళీ క్యాసెట్లు ఉండె. సినిమా పాటలు నింపుకున్నం. బాపు రోజూ పాడుతడు గద, ఎక్కడికి పోతడు అనుకున్నం. అటకెక్కించిన దాన్ని సంస్కృతి అని పిలుచుడు సులువు.

అందుకే మన ఇండ్లన్నిటికీ మూడు మాటలు అడుగుతున్న. ఒకటి, పిల్ల ఏదన్న వాయిద్యం అడిగితే "అది ఎవరిది?" అని అడగొద్దు. "రోజూ అరగంట కూసుంటవా?" అని అడగండి. పియానో లక్షల్ల ఉంటది, మనలాంటి ఊర్లల్ల నేర్పేటోళ్ళు లేరు, నాకు తెలుసు. చిన్న కీబోర్డుతో, ఆన్‌లైన్ పాఠంతో మొదలుపెట్టొచ్చు. రెండు, నెలకొకసారి ఒక గంట, ఫోన్లు పక్క గదిల పెట్టి, మైకు లేకుండ ఇంట్ల కూసోండి. ఒక పెద్దవాళ్ళ పాట, ఒక పిల్లల పాట. డెబుస్సీ చేసినట్టు పేరు, భాష, ఊరు ముందు చెప్పొద్దు. విన్నంక చెప్పండి. మూడు, ఎనభై దాటినవాళ్ళు ఇంట్ల ఉంటే వాళ్ళ పాటలు ఈ నెలలనే రికార్డు చెయ్యండి. ఎవరు పాడిండ్రు, ఎక్కడ నేర్చుకున్నరు, ఏ తారీఖు అన్నది కూడ చెప్పించండి. వచ్చే పండుగ దాకా ఆగొద్దు.

తగవు ఎట్ల తీరిందో చెప్పి ముగిస్త. పెట్టెను నాగపూర్‌ల బాగుచేయించినం. తిత్తి కొత్తది వేసిండ్రు, రీడ్లు మాత్రం పాతవే ఉంచిండ్రు, మంచివట. సంక్రాంతికి అమ్మ పాడితే తమ్ముడు శ్రుతి పట్టుకొని కూసున్నడు, వాయించుడు రాదు గని తిత్తి ఊపుడు వచ్చింది. నాలుగు పాటలు రికార్డు చేసినం. బావ మనవరాలికి కీబోర్డు కొన్నది ఎవరనుకున్నరు? హైదరాబాద్‌ల ఉన్న మా పిల్లనే, తన జీతంల నుంచి. ఆదివారాలు ఇద్దరూ వీడియోల కలిసి ఒకటే పాఠం నేర్చుకుంటున్నరు. బావ ఇంకా గొణుగుతనే ఉన్నడు. అయితే పోయిన వారం ఫోన్‌ల మాట్లాడుతుంటే వెనక నుంచి ఆ చిన్నపిల్ల తప్పులతో వాయించుడు వినిపించింది. "ఒక్క నిమిషం ఆగు బామ్మర్దీ, అయిపోనియ్యి" అన్నడు.

నేను ఆగిన.